నాలుగో గంట

గోడ గడియారంలో పదకొండు దాటి నాలుగు నిమిషాలు. అది నాలుగు నిమిషాలు ముందు నడుస్తుందని ఈ హాల్లో నాకొక్కడికే తెలుసు, గడియారాలు బాగుచేసేవాణ్ణి కాబట్టి, అంటే ఇప్పుడు సరిగ్గా పదకొండు, అంటే చెల్లి డయాలసిస్‌లో మూడు గంటలు అయిపోయి నాలుగోది మొదలైంది, అది అయ్యేసరికి కిడ్నీ డాక్టరు రౌండ్సుకి వస్తాడు, ఆలోగా నేను చెప్పాలి. "మీరే చెప్పండి," అన్నాడాయన నిన్న సాయంత్రం, నా రక్తపరీక్ష కాగితాన్ని బల్లమీద నావైపు తిప్పి, "రేపు పన్నెండింటికల్లా మీరు చెప్పకపోతే నేను చెబుతాను. నేను చెబితే అది రిపోర్టు. మీరు చెబితే కనీసం మాట అవుతుంది." ఆ కాగితం ఇప్పుడు నా చొక్కా జేబులో నాలుగు మడతలుగా ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్లా దాని మూల గుండెకి గుచ్చుకుంటోంది, లేదా గుచ్చుకుంటున్నట్టు నేననుకుంటున్నాను, ఎందుకంటే పద్నాలుగు నెలల కిందట అక్కడ నాలుగు వేళ్ళ మందాన కొవ్వుండేది, కాగితం మూల ఏం ఖర్మ, మేకు దిగినా గుండె దాకా చేరేది కాదు.

చెల్లి వాలుకుర్చీలో వెనక్కి ఆనుకుని ఉంది. కుడిచెయ్యి దిండు మీద, ఆ చేతికి రెండు సూదులు, రెండు గొట్టాలు, ఒకటి నెత్తుర్ని మిషనులోకి తీసుకెళ్ళేది, ఒకటి కడిగి వెనక్కి తెచ్చేది. మిషను చక్రం మెల్లగా తిరుగుతూ గొట్టాన్ని నొక్కుతూ వదులుతూ ఉంటే నాకెప్పుడూ పెద్ద గడియారం లోపలి భాగమే గుర్తొస్తుంది, కాకపోతే ఇక్కడ తిరుగుతున్నది నా చెల్లి. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు, రెండేళ్ళ నాలుగు నెలలుగా. దుకాణం మూసి నేను కూడా వచ్చి ఈ ఇనుప స్టూలు మీద కూర్చుంటాను. మొదట్లో ఈ స్టూలు మీద కూర్చోవాలంటే భయం, ఒకసారి దాని కాలు వంగింది, నర్సు గారు లోపలి గదినుంచి చేతుల్లేని వెడల్పాటి బల్ల ఒకటి ఈడ్చుకొచ్చి ఏమీ అనకుండా వేసి వెళ్ళింది. ఇప్పుడు అదే స్టూలు నా కింద కిక్కురుమనదు.

"ఆ చొక్కాలో ఇంకో మనిషి పడతాడన్నయ్యా," అంది చెల్లి కళ్ళు తెరవకుండానే. "వాణ్ణెక్కడ దింపేసి వచ్చావు?"

"బస్టాపులో."

"వెళ్ళి తీసుకురా పాపం. వాడుంటే కాస్త నవ్వేవాడు."

పక్క కుర్చీలో హెడ్మాస్టరు గారు నవ్వారు. ఆయన రిటైరై ఎన్నేళ్ళయిందో తెలియదు గానీ, చేతికి సూదులున్నా సరే, పక్కవాళ్ళ మాటల్లో తప్పులు దిద్దడం మానరు. "అన్నగార్ని అలా ఏడిపించకమ్మా. ఇస్తానన్న కిడ్నీ వెనక్కి తీసుకుంటాడు."

"ఎక్కడికి తీసుకుంటాడు మాస్టారూ! చిన్నప్పుడు నా కంచంలో ముద్దలన్నీ ఈయనగారే తిన్నారు. నా వాటా ఆ ఒంట్లోనే ఉంది, తోడుకోవడమే తరువాయి." ఒక కన్ను తెరిచి నావైపు చూసింది. "ఇంక అయిదుసార్లే కదా అన్నయ్యా. ఇరవై రెండుకి."

ఊఁ అన్నాను. ఊఁ అనడం అబద్ధం కాదని ఒక క్షణం అనిపించింది, మరుక్షణం అదే అన్నిటికంటే పెద్ద అబద్ధమనిపించింది. ఆపరేషన్ తేదీ ఇరవై రెండు. సంచి కూడా సర్దేసుకుంది, దువ్వెన, రెండు నైటీలు, చలికి మేజోళ్ళు, పుస్తకం ఒకటి, చదవదని తనకీ తెలుసు. బావ తన ప్రింటింగ్ ప్రెస్సులో పదిహేను రోజుల సెలవు రాయించుకున్నాడు. నా జేబులో ఉన్న కాగితం ఆ ఇరవై రెండుని తినేసింది. నేను తినకపోవడం వల్ల తినేసింది, ఇలా అనుకుంటే ఏదో చమత్కారంలా ఉంటుంది, నేను చమత్కారాలు ఆలోచించకూడదు, చెప్పే మాటలు ఆలోచించాలి. పుల్లా, ఒక మాట. పుల్లా, ఇరవై రెండు కాదు. పుల్లా, తప్పు చేశాను.

తనని పుల్ల అనేది నేనొక్కణ్ణే, నన్ను బస్తా అనేది ఊళ్ళో పిల్లలందరూ, ఒక్క తను తప్ప. చిన్నప్పుడు చెల్లికి తిండంటే కిట్టదు. నోట్లో పెట్టిన ముద్ద బుగ్గలో దాచుకుని అరగంట కూర్చునేది. అమ్మ ఎదురుగా కూర్చుని కంచాలు ఖాళీ అయ్యేదాకా లేవనిచ్చేది కాదు, ఆవిడ కోపం కంటే ఆవిడ మాట్లాడకపోవడం భయంకరంగా ఉండేది, కాబట్టి మేమిద్దరం ఒక పద్ధతి కనిపెట్టాం. అమ్మ మంచినీళ్ళకి వంటింట్లోకి వెళ్ళి తిరిగొచ్చే ఆ పది అడుగుల వ్యవధిలో చెల్లి కంచం నా ముందుకీ నా కంచం తన ముందుకీ మారిపోయేవి. నేను నమలకుండా మింగేవాణ్ణి. అమ్మ వచ్చి రెండు కంచాలూ చూసి మా ఇద్దరి తలలూ ఒకేసారి నిమిరేది, బంగారు పిల్లలు అనేది. అదెన్నేళ్ళు నడిచిందో. తొమ్మిదేళ్ళ పిల్లాడు ఇద్దరి అన్నం తిన్నందుకు మెప్పు పొందాడు, ఆరేళ్ళ పిల్ల ఏమీ తిననందుకు మెప్పు పొందింది, ఇద్దరికీ ఆ తలనిమిరిన చెయ్యి రుచి తెలిసింది. తర్వాత జీవితమంతా నాకు బాధేసినప్పుడల్లా తినేవాణ్ణి, తనకి బాధేసినప్పుడల్లా మానేసేది. మా ఇద్దరి శరీరాలూ ఒకే అబద్ధానికి రెండు కొసలు. ఆ అబద్ధంలో దొంగెవరో దానమిచ్చిందెవరో నేనిప్పటికీ తేల్చుకోలేదు.

నూట నలభై రెండు కిలోలు. మొదటిసారి ఇదే ఆసుపత్రిలో, కింద అంతస్తులో, సామాన్లు తూచే కాటాలాంటి దానిమీద నించోబెట్టారు, మామూలు కాటా నన్ను మోయలేక అడ్డంగా గీతలు చూపించింది కాబట్టి. నెత్తురు గ్రూపు కలిసింది. మిగిలినవన్నీ కలిశాయి. డాక్టరు కాగితాలు చూస్తూ, "మీ కిడ్నీ బాగానే ఉంది, మీరే బాగాలేరు," అన్నాడు. నూట ఎనిమిదికి దిగితే తప్ప కత్తి పెట్టనన్నాడు, దిగడమంటే కాటా మీద దిగడం మాత్రమే కాదు, నెత్తురు మారాలి అన్నాడు, మారకపోతే ఈరోజు మీ చెల్లికి ఒకటి ఇచ్చి, పదేళ్ళకి మిగిలిన ఒక్కదాన్నీ పోగొట్టుకుని మీరే ఆ కుర్చీలోకొస్తారన్నాడు. అప్పుడు నేను రెండో మాట వినలేదు. నూట ఎనిమిది అనే అంకె విన్నాను. డయలు మీద ఒక అంకె, అక్కడికి ముల్లు చేరాలి, అంతే.

వినలేదంటే పూర్తిగా నిజం కాదు, ఎందుకంటే ఆ రోజే రక్తం తీసే ఆవిడ నాకు నా నెత్తుర్ని చూపించింది. గొట్టాన్ని గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి తీస్తే ఎరుపంతా అడుక్కి దిగి పైన పసుపు నీరు తేలాలట. నాదాంట్లో పైన తేలింది పసుపు కాదు, చిక్కటి పాలలాంటి తెలుపు. "చూడండి, ఇది మీరు తిన్నదే," అంది ఆవిడ, తిట్టినట్టు కాదు, పిల్లకి చందమామను చూపించినట్టు. "కొవ్వు నెత్తుట్లో ఈదుతోంది." ట్రైగ్లిజరైడ్లు అయిదు వందల నలభై. మూడు నెలల చక్కెర సగటు ఆరు పాయింటు మూడు, జబ్బు గుమ్మంలో నిలబడి తలుపు తట్టబోతున్నట్టు. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే అంకె ఒకటి, పదకొండు, అంటే లోపల ఎక్కడో మంట, పొగ బయటికి రావట్లేదు. మంచి కొలెస్ట్రాలు ముప్ఫై మూడు, అది మాత్రం తక్కువుండకూడదట. నలభై మూడేళ్ళు ఈ నీళ్ళు నాలో తిరిగాయి. అద్దంలో నన్ను చూసుకుని ఎన్నిసార్లో అసహ్యించుకున్నాను గానీ లోపల ఇలా ఉంటుందని ఊహించలేదు. ఏడవలేదు. ఆ గొట్టాన్ని చూసి సిగ్గు మాత్రం పడ్డాను, బట్టల్లేకుండా నిలబడ్డప్పటికంటే ఎక్కువ.

తర్వాత నడక. వీధి చివరి దీపస్తంభం దాకా పది నిమిషాలు, ఆయాసం, స్తంభాన్ని పట్టుకుని నిలబడితే ఒక కుక్క నావైపు జాలిగా చూసేది, నాలుగో నెలకల్లా ఆ కుక్క నాతోపాటు రెండో వీధి దాకా వచ్చేది, పదో నెలకి దానికే ఆయాసం. డైటీషియనమ్మ కంచాన్ని నాలుగు భాగాలు గీసి బొమ్మ వేసిచ్చింది, సగం కూరగాయలు, పావు గుడ్లో పప్పో, పావు అన్నం. "నోరు కట్టుకోమని నేను చెప్పట్లేదు, కంచం కట్టుకోమంటున్నాను," అనేది. దుకాణంలో సాయంత్రం నాలుగింటికి వచ్చే ఆకలి ఒకటుంది, అది కడుపులో ఆకలి కాదు, ఒంటరితనం కడుపు వేషం వేసుకుని వచ్చేది. కంటికి అద్దం బిగించి, పట్టకారుతో వెంట్రుకంత స్ప్రింగుని పట్టుకుని, ఊపిరి బిగబట్టి, అది వెళ్ళిపోయేదాకా పనిలో తలదూర్చేవాణ్ణి. ఆరువారాలకి నాలుగు కిలోలే తగ్గాను, నాలుగు కిలోలు నూట నలభై రెండులో ఎక్కడా కనబడవు, ప్యాంటు గుండీకి కూడా తెలియదు, కానీ రక్తం తీసే ఆవిడ గొట్టం ఎత్తి పట్టుకుంటే తెలుపు సగం విరిగిపోయి ఉంది. మూడు వందల పది. ఆర్నెల్లకి చక్కెర గుమ్మం దిగి వెళ్ళిపోయింది. ఏడాదికి గొట్టంలో పైనున్నది పల్చటి పసుపు, వెలుగుకి పట్టుకుంటే అవతల గోడ మీది అక్షరాలు కనబడ్డాయి, నూట ఇరవై ఎనిమిది. వాపు పదకొండునుంచి మూడుకి. మంచి కొలెస్ట్రాలు మాత్రం బద్ధకస్తుడిలా ముప్ఫై తొమ్మిది దగ్గర కూర్చుంది. "దానికి తొందర లేదు, నడుస్తూ ఉండండి, అదే లేస్తుంది," అంది డైటీషియనమ్మ.

అప్పుడే కాటా ఆగిపోయింది. నూట పన్నెండు. ఒక వారం నూట పన్నెండు, రెండో వారం నూట పన్నెండు, ఏడువారాలు. అదే తిండి, అదే నడక. పొద్దున్నే లేచి కాటా ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కి, గోడకి చెయ్యి ఆనించి, ఆనించకుండా, బనియను తీసేసి. డైటీషియనమ్మకి నవ్వొచ్చింది. "ఒళ్ళు అలవాటు పడుతోంది, పడనివ్వండి. ముల్లు కదలకపోయినా నెత్తురు కదులుతూనే ఉంది, కాగితం చూసుకోండి." ఏడ్చే పిల్లాడికి ఇచ్చే బెల్లంముక్కలాంటి మాట అనుకున్నాను. నేను! ముల్లు తిప్పి టైము సరిచేసి, చూడండి సరిగ్గానే ఉంది కదా అని వాదించేవాళ్ళకి, అయ్యా ముల్లు జరపడం రిపేరు కాదు, లోపల నూనె ఎండిపోయింది, విప్పాలి అని ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నవాణ్ణి. అన్నీ తెలిసినవాడు అమావాస్యనాడు చచ్చాడన్నట్టు, నాకు తెలిసిన ఒకే ఒక్క విషయం నాకు పనికొచ్చే రోజున నాకు గుర్తురాలేదు.

మిషను కూసింది. నర్సు గారు చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి, గొట్టం సర్ది, చెల్లి మోచెయ్యి కొంచెం తిప్పి, ఒక బొత్తాం నొక్కింది. "ఏం లేదమ్మా, ప్రవాహం కాస్త తగ్గింది. చెయ్యి కదపకు." ఏం లేదమ్మా అన్నప్పుడు ఆవిడ నావైపు చూడలేదు. ఎడమచేతిలో ధమనినీ సిరనీ కలిపి కుట్టిన దారి మూడు వారాల కిందట మూసుకుపోయింది. ముందుజాగ్రత్తగా కుట్టి ఉంచిన కుడిచేతిది కూడా అప్పుడప్పుడు ఇలా మొరాయిస్తోంది. ఇదీ పోతే మెడలో గొట్టం, మెడలో గొట్టమంటే చీము భయం, జ్వరం భయం, అందుకే ఇరవై రెండు. ఇప్పుడు టైము పదకొండూ ఇరవై ఆరు, గోడ మీద ముప్ఫై.

ఎడమచెయ్యి మూసుకుపోయిన రోజు చెల్లి ఫోన్ చేసింది. జోకుల్లేవు. నేను దుకాణంలో ఒక గడియారాన్ని విప్పి బల్లంతా పరిచి ఉన్నాను. "ఇంకెంతకాలం అన్నయ్యా," అంది. అంతే, పెట్టేసింది. మర్నాటినుంచి నేను తినడం మానేశాను. పొద్దున ఒక గుడ్డు, అంతే, తర్వాత అదీ లేదు. మొదటి రెండు రోజులూ ఆకలి కట్టేసిన కుక్కలా అరిచింది, మూడోరోజు నోరు మూసుకుంది, ఆపైన వచ్చిందే నేనెవరికీ చెప్పలేనిది, ఒక తేలిక, ఒక వెలుతురు, మెట్లెక్కుతుంటే కాళ్ళు నావి కానట్టు. వీధిలో తింటూ పోయేవాళ్ళని చూస్తే చిన్నచూపు. జన్మలో మొదటిసారి నేను పుల్లనయ్యాను. కంచాలు మళ్ళీ మారిపోయాయి, ఈసారి నా ముందున్నది తన ఖాళీ కంచం, తల నిమిరే చెయ్యి కోసం నేను చూస్తున్నాను. ఆఖరి మూడు రోజులు నీళ్ళు కూడా మానేసి, ఎండలో రెయిన్‌కోటు వేసుకుని నడిచాను, కుస్తీపట్లకి ముందు పహిల్వాన్లు అలా బరువు దించుతారని ఎక్కడో విన్నాను. నోరు పిడచకట్టుకుపోయింది. మూత్రం టీ డికాషన్‌ రంగులో వచ్చింది. అయినా సంతోషమే. పరీక్ష రోజున కాటా మీద నూట ఏడు పాయింటు నాలుగు. చెల్లి అక్కడే ఉంది, బావ భుజం పట్టుకుని నిలబడి, చప్పట్లు కొట్టింది. కాటా మీద నిలబడి నేను చేతులెత్తి దండం పెట్టాను, నాటకం అయ్యాక తెరముందుకొచ్చినవాడిలా. ఆ వెంటనే రక్తం తీసే ఆవిడ నా చేతికి పట్టీ బిగించింది. నరం దొరకలేదు. మూడుసార్లు గుచ్చింది. "నీళ్ళు తాగలేదా?" అంది. తాగానన్నాను.

నిన్న డాక్టరు కూడా అదే అడిగాడు. తింటున్నారా? తింటున్నానండీ. నీళ్ళు? తాగుతున్నానండీ. అప్పుడు కాగితం తిప్పాడు. పద్నాలుగు నెలలుగా సున్నా పాయింటు తొమ్మిది దగ్గర కదలకుండా ఉన్న క్రియాటినిన్, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే అంకె, ఒకటి పాయింటు ఆరు. యూరిక్ యాసిడ్ పది దాటింది. మూత్రంలో కరిగిన కొవ్వు బూడిద, కీటోన్లట. "కాటా మీకు తక్కువ చూపించింది. నెత్తురు అంతా చూపించింది," అన్నాడు. అప్పుడు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "నూట పన్నెండులో ఉన్నప్పుడే మీ నెత్తురు నాకు చాలు. ఆ నాలుగు కిలోలకి నేను సర్దుకునేవాణ్ణి. మీరు అడగలేదు." ఈ మాట నిన్న సాయంత్రం నుంచి నన్ను నమిలి మింగుతోంది. మీరు అడగలేదు. అడగాలని నాకు తోచలేదు, అడిగితే సరే అంటాడేమో, సరే అంటే ఆ నాలుగు కిలోలూ దించే వీరుణ్ణి నేను కాకుండా పోతానేమో, అలా అనుకున్నానని చెప్పను, కానీ అలా అనుకోలేదని కూడా చెప్పలేను. అది ఒంట్లో నీళ్ళు తగ్గి వచ్చిన మార్పేనా, కిడ్నీకి నిజంగా దెబ్బ తగిలిందా తేలాలన్నాడు. ఎనిమిది వారాలు మామూలుగా తినాలి, తాగాలి. రెండుసార్లు పరీక్ష. అది బాగుంటే మళ్ళీ తేదీ. "మీరు ఇవ్వాల్సిన వస్తువుని, ఇచ్చే ముందు మీరే విసిరికొట్టారు," అన్నాడు, ఆ తర్వాత, మెల్లగా, "తగ్గే అవకాశమే ఎక్కువ లెండి. కానీ ఆవిడకి టైముందో లేదో నేను చెప్పలేను."

హెడ్మాస్టరు గారు నిద్రపోయారు, దవడ జారింది. చెల్లి నావైపే చూస్తోంది. ఎప్పటినుంచి చూస్తోందో.

"ఏమైంది?" అంది.

"ఏంలేదు."

"ఏంలేదంటే అమ్మ నమ్మేది. చెప్పు."

పదకొండూ నలభై రెండు. జేబులోంచి కాగితం తీశాను. తీశాక అది తనకి ఇవ్వాలో చదవాలో తెలియలేదు, తన ఒక చెయ్యి సూదులకి, ఇంకో చేతికి కళ్ళజోడు అందదు, కాబట్టి మడతలు విప్పకుండానే చెప్పాను. అనుకున్న మాటలేవీ రాలేదు. "ఇరవై రెండు కాదు పుల్లా. ఎనిమిది వారాలు ఆగాలన్నారు. బరువు దించాలని తిండి మానేశాను. నీళ్ళు కూడా. నెత్తురు పాడైంది, కిడ్నీ అంకె పెరిగింది. నేనే చేశాను." ఎంత చిన్నగా ఉన్నాయి మాటలు. పద్నాలుగు నెలలు నాలుగు ముక్కల్లో అయిపోయాయి.

చెల్లి ఏడుస్తుందనుకున్నాను, లేదా ఏదో ఒక జోకు వేస్తుందని, నిజానికి జోకు కోసమే ఎదురుచూశాను, జోకు వేస్తే క్షమించినట్టే కదా. తను మిషను వైపు తిరిగి చక్రాన్ని చూసింది. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోందని నాకు ఆలస్యంగా అర్థమైంది.

"ఎనిమిది మూళ్ళు ఇరవై నాలుగు," అంది. "రెండేసి సూదులు. నలభై ఎనిమిది."

నేను కాగితాన్ని మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

"అది కూడా ఈ చెయ్యి ఆగితే."

"ఆగుతుంది."

"నీకు తెలుసా?"

తెలియదు. తల దించుకున్నాను. అదే గొంతుతో, ధర అడిగినట్టు అడిగింది: "ఎప్పుడు మానేశావు తినడం?"

ఆ ప్రశ్న ఎటు పోతుందో నాకు కనబడింది, విప్పిన గడియారంలో ఏ పళ్ళచక్రం ఏ చక్రాన్ని తిప్పుతుందో కనబడ్డట్టు. మూడు వారాల కిందట అంటే, ఏ రోజో తను లెక్కపెట్టుకుంటుంది. ఒక మనిషి ఒకే ఒక్కసారి బెంగపడి, ఇంకెంతకాలం అన్నందుకు, ఇంక బతికినన్నాళ్ళూ నోరు నొక్కుకుంటుంది. "అంతకుముందే," అన్నాను. "కాటా కదలనప్పుడే. నెలన్నరైంది."

"నెలన్నర పస్తుంటే మనిషి లేచి నడవడన్నయ్యా." నా కళ్ళలోకి చూసింది. "నేను ఫోన్ చేసిన మర్నాడు కదూ?"

"కాదు."

"కాదా?"

"కాదు పుల్లా."

డాక్టరుకి చెప్పిన అబద్ధం నన్ను కాపాడుకోడానికి. ఇది అలాంటిది కాదని అనుకోవాలనుంది. కానీ తన మొహంలో ఏదో మూసుకుపోవడం చూశాను, తలుపు గట్టిగా వెయ్యలేదు, దగ్గరగా వేసింది, అంతే, గడియ పెట్టిందో లేదో ఇవతల నిలబడ్డవాడికి తెలియదు. తనకి తెలిసిపోయింది, తెలిసిపోయిందని నాకు తెలుసు, ఇకమీదట ఆ విషయం మా ఇద్దరి మధ్యా ఉంటుంది, నా కిడ్నీ తన ఒంట్లోకి చేరినా చేరకపోయినా. తను ఎటో చూస్తూ, "అడిగానా నిన్ను తొందరపడమని," అంది. అది ప్రశ్నలా లేదు. అడిగానేమో అని తనని తాను అడుగుతున్నట్టుంది. నేను నోరు తెరిచి ఏదో అనబోయేలోపు కళ్ళు మూసుకుంది.

పన్నెండుకి మిషను సన్నగా మోగింది, అయిపోయిందని. నర్సు గారు వచ్చి చేతులకి తొడుగులు వేసుకుంది. హాలు ఆ చివర డాక్టరు మొదటి కుర్చీ దగ్గర నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నాడు, మధ్యలో ఒకసారి తలెత్తి నావైపు చూశాడు. నేను తలూపాను. ఆయన కూడా తలూపి చూపు తిప్పుకున్నాడు.

సూదులు తీసేశాక ఆ రెండు చోట్లా పది నిమిషాలు వేలితో అదిమి పట్టుకోవాలి, లేకపోతే నెత్తురాగదు. ఆ పని నాది. రెండు బొటనవేళ్ళతో రెండు దూది మడతలూ నొక్కి పట్టుకుని నేను కూర్చుంటే, చెల్లి ఆ పది నిమిషాలూ హాల్లో వాళ్ళందరి మీదా వ్యాఖ్యానం చెప్పేది. ఈరోజు నర్సు గారు మొదటి సూది తీసి దూది పెట్టగానే చెల్లి ఎడమచెయ్యి సాచి, దాన్ని తనే నొక్కుకుంది. రెండో సూది వచ్చేసింది. నర్సు గారు దూది పెట్టి, నావైపొకసారి, చెల్లివైపొకసారి చూసి ఆగింది. చెల్లి చెయ్యి లాక్కోలేదు.

నేను నొక్కాను. వేలి కింద ఆ కుట్టిన దారి సన్నగా గుర్రుమంటోంది, నడుస్తున్న గడియారం వీపుమీద వేలు పెట్టినట్టు కాదు, నిద్రలో ఉన్న పిల్లి మీద పెట్టినట్టు.

"అంత గట్టిగా వద్దు," అంది చెల్లి. "మూసుకుపోతుంది."

వదులు చేశాను. దూది మీద ఎర్రటి చుక్క ఒకటి పుట్టి, మెల్లగా పెద్దదైంది.

"అంత మెల్లిగానూ కాదు."

మళ్ళీ నొక్కాను, ముందుకంటే తక్కువగా, ఇప్పటికంటే ఎక్కువగా. ఎంతో నాకు తెలియలేదు. తన మొహం చూసి తెలుసుకుందామంటే తను కిటికీవైపు తిరిగి ఉంది. ఇంకా తొమ్మిది నిమిషాలు.